బొగ్గు తరిగితే బతుకేది?
గని ప్రాంత నిధులు: ఎక్కడ పుడతాయి, ఎవరికి దక్కాలి, ఎలా అడగాలి?

బెల్లంపల్లి: ఒకనాడు సైరన్ మోగితే ఊరు లేచేది. మొదటి షిఫ్టుకు వెళ్లే కార్మికులతో తెల్లవారకముందే వీధులు కిటకిటలాడేవి. జీతాల రోజున అంగళ్లు అర్ధరాత్రి దాకా తెరిచే ఉండేవి. నేడు బెల్లంపల్లిలో భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. క్వార్టర్లు పాడుబడ్డాయి. కార్మికుల పిల్లలు పనుల కోసం హైదరాబాదుకో, ఇతర పట్టణాలకో తరలిపోయారు. బెల్లంపల్లి చూసిన దృశ్యమే రేపు మరికొన్ని బొగ్గు పట్టణాల ముంగిట నిలుస్తుందన్న దిగులు గోదావరి తీరం పొడవునా వినిపిస్తోంది.

గని శాశ్వతం కాదు. భూమిలోని బొగ్గు ఏదో ఒకనాడు తరిగిపోక తప్పదు. ఆ నాటికి ఊరు నిలదొక్కుకోవడానికి, గని ఉన్నన్నాళ్లూ దుమ్ము మింగి, నీరు కోల్పోయి నష్టపోయిన పల్లెలకు సేవలు అందించడానికి చట్టం కొన్ని నిధులను ఏర్పరిచింది. ఇవి ఎవరి దయాదాక్షిణ్యాలతోనో వచ్చేవి కావు. అయినా వీటి గురించి తెలిసినవారు గని ప్రాంత పల్లెల్లో అతి తక్కువ. నిధి ఎక్కడ పుడుతుందో, ఎవరి చేతుల మీదుగా నడుస్తుందో తెలియనప్పుడు అడిగే గొంతు కూడా పుట్టదు. ఈ నేపథ్యంలో గని ప్రాంత నిధులపై సమగ్ర కథనం.

తరిగింది బొగ్గు కాదు, కొలువులు

సింగరేణి ప్రాంతంలో బొగ్గు జాడను 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కనుగొన్నారు. స్థానికులు బొగ్గుట్టగా పిలుచుకునే ఇల్లెందులో 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ప్రస్తుతం ఇందులో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు, రామగుండం, భూపాలపల్లి, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి ఏరియాల్లో లక్షలాది కుటుంబాలకు ప్రత్యక్షంగానో పరోక్షంగానో సింగరేణే అన్నం పెట్టింది.

1990-91లో సంస్థలో లక్షా 16 వేల మందికి పైగా కార్మికులు ఉండేవారు. ప్రస్తుతం ఆ సంఖ్య 40 వేల పరిసరాల్లో ఉంది. ఆనాడు ఏడాది ఉత్పత్తి 2 కోట్ల టన్నులకు లోపే. 2023-24లో అది 7 కోట్ల టన్నులు దాటింది. మనుషులు మూడో వంతుకు తగ్గగా, ఉత్పత్తి మూడింతలకు పైగా పెరిగింది. తట్టా చెమ్మస్ పట్టిన చేతుల స్థానంలో యంత్రాలు వచ్చాయి. భూగర్భ గనుల స్థానాన్ని ఉపరితల గనులు ఆక్రమించాయి. భూగర్భ గని వందలాది మందికి పని చూపితే, ఉపరితల గనిలో కొన్ని భారీ యంత్రాలు, వాటిని నడిపే కొద్దిమంది సరిపోతారు. మట్టి తొలగింపు పని అత్యధికంగా కాంట్రాక్టు సంస్థల చేతుల్లోకి వెళ్లింది.

అంటే బొగ్గు ఉండగానే కొలువులు తరిగాయి. ఇక బొగ్గును మండించే కేంద్రాల పరిస్థితీ మారుతోంది. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రంలో 720 మెగావాట్ల పాత యూనిట్లు 2020 మార్చి నాటికి శాశ్వతంగా మూతపడ్డాయి. వాటి 8 కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో నేలమట్టం చేశారు. 1971లో ప్రారంభమైన రామగుండం 62.5 మెగావాట్ల కేంద్రం 2024 జూన్‌లో విశ్రమించింది. మరోవైపు రామగుండం ఎన్టీపీసీ జలాశయంపై 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రం 2022 జులైలో పూర్తిస్థాయిలో పనిచేయనారంభించింది. సింగరేణి సైతం సౌర విద్యుత్తు వైపు అడుగులు వేసింది. అయితే సౌర ఫలకలు అమర్చేటప్పుడు పనికి మనుషులు కావాలి. అమర్చాక కాపలాకు, శుభ్రతకు, నిర్వహణకు కొద్దిమంది చాలు. వెలుగు మిగిలినా ఉపాధి మిగలదన్నదే ఇక్కడి చిక్కు.

నిధులు వచ్చే దారులు మూడు

గని ప్రాంత ప్రజల సేవలకు, గని అనంతర బతుకుకు ఉపయోగపడే నిధులు ప్రధానంగా మూడు దారుల్లో వస్తాయి. మొదటిది జిల్లా ఖనిజ నిధి. రెండోది కంపెనీల సామాజిక బాధ్యత నిధి. మూడోది గని మూసివేత కోసం ముందుగా జమ చేసే ఎస్క్రో సొమ్ము. మూడింటి లక్ష్యాలు వేరు, నిబంధనలు వేరు, అడగాల్సిన కార్యాలయాలూ వేరు. వీటిని కలగలిపి చూడటం వల్లే దరఖాస్తులు ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరుగుతుంటాయి.

జిల్లా ఖనిజ నిధి లెక్క ఇదీ

గనులు, ఖనిజాల చట్టాన్ని 2015లో సవరించి 9బి సెక్షన్‌ను చేర్చారు. గనుల తవ్వకం వల్ల ప్రభావితమయ్యే ప్రతి జిల్లాలో లాభాపేక్ష లేని ఒక ట్రస్టును ఏర్పాటు చేయాలని ఆ సెక్షన్ చెబుతోంది. అదే జిల్లా ఖనిజ ఫౌండేషన్. వాడుకలో డీఎంఎఫ్. ఈ నిధిని ఎలా ఖర్చు చేయాలో చెప్పే పథకం ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ్ యోజన. ఇది 2015 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది.

గని యజమాని ప్రభుత్వానికి చెల్లించే రాయల్టీకి అదనంగా ఈ నిధికి సొమ్ము జమ చేయాలి. 2015 జనవరి 12కు ముందు లీజు పొందిన గని రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని చెల్లించాలి. ఆ తర్వాత వేలంలో దక్కించుకున్న గని 10 శాతం చెల్లిస్తే చాలు. బొగ్గుపై రాయల్టీ ధరలో 14 శాతం.

ఉదాహరణకు టన్ను బొగ్గు ధర రూ.3,000 అనుకుందాం. రాయల్టీ రూ.420 అవుతుంది. పాత లీజు అయితే అందులో 30 శాతం, అంటే రూ.126 జిల్లా ఖనిజ నిధికి చేరాలి. కొత్త వేలం గని అయితే రూ.42 మాత్రమే చేరుతుంది. ఏడాదికి 20 లక్షల టన్నులు తీసే గని నుంచి పాత లీజు కింద రూ.25.20 కోట్లు వస్తే, కొత్త లీజు కింద రూ.8.40 కోట్లు వస్తాయి.

ఈ చిన్న లెక్కలో పెద్ద విషయం దాగి ఉంది. పాత గనులు మూతపడి వాటి స్థానంలో వేలం గనులు వచ్చిన కొద్దీ, అదే బొగ్గుకు జిల్లా నిధికి చేరే సొమ్ము మూడో వంతుకు పడిపోతుంది. వేలం ద్వారా వచ్చే ఆదాయ వాటా రాష్ట్ర ఖజానాకు వెళుతుంది తప్ప నేరుగా గని పల్లెకు రాదు. ఇక గని పూర్తిగా మూతపడితే రాయల్టీ ఆగుతుంది, ఆ వెంటే నిధీ ఆగుతుంది. అవసరం అత్యధికంగా ఉన్న వేళకు జమ ఉండదన్నమాట. కనుక నేడు వస్తున్న సొమ్మును ఎలా వాడుతున్నారన్నదే రేపటి బతుకును నిర్ణయిస్తుంది.

ఎవరు ప్రభావితులు?

ఈ నిధి జిల్లా మొత్తానిది కాదు. గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాలది, ప్రజలది. 2024 జనవరిలో కేంద్రం సవరించిన మార్గదర్శకాల ప్రకారం గని నుంచి 15 కిలోమీటర్ల పరిధిని ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతంగా, 25 కిలోమీటర్ల పరిధిని పరోక్ష ప్రభావిత ప్రాంతంగా పరిగణిస్తారు. నిధుల్లో సింహభాగం ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతాలకే దక్కాలి.

భూమి పోయిన పట్టాదారు మాత్రమే ప్రభావితుడు కాడు. భూసేకరణ చట్టం నిర్వచనం ప్రకారం ఆ భూమిపై ఆధారపడిన కౌలు రైతు, వ్యవసాయ కూలీ, చేతివృత్తిదారు కుటుంబాలూ ప్రభావిత కుటుంబాల కిందికి వస్తాయి. అటవీ ఫలసాయంపై బతికే గిరిజనులకూ ఆ హోదా ఉంది. గ్రామసభతో సంప్రదించి ప్రభావిత కుటుంబాల జాబితాను గుర్తించాలని మార్గదర్శకాలు పేర్కొంటున్నాయి. జాబితా లేని చోట నిధి ఎవరికి దక్కాలో చెప్పే ఆధారం కూడా ఉండదు. ఊరు మొదట అడగవలసింది ఈ జాబితానే.

జిల్లా సరిహద్దులు సైతం చిక్కు తెచ్చిపెడుతున్నాయి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన తర్వాత ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్, ఖమ్మం జిల్లాల్లోని బొగ్గు గనులు పలు కొత్త జిల్లాల్లోకి చేరాయి. గని ఒక జిల్లాలో ఉంటే దుమ్ము, బాంబుల అదురు పక్క జిల్లా పల్లెకు తగలవచ్చు. అటువంటి సందర్భంలో ఆ మేరకు నిధుల్లో కొంత శాతాన్ని పొరుగు జిల్లా ఫౌండేషన్‌కు బదిలీ చేయాలని మార్గదర్శకాల్లోనే ఉంది. సరిహద్దు పల్లెలు ఈ నిబంధనను ప్రస్తావించి తమ వాటా కోరవచ్చు.

ఏ పనులకు వాడాలి?

2015 నాటి పథకం ప్రకారం నిధుల్లో కనీసం 60 శాతం అత్యంత ప్రాధాన్య రంగాలకు, 40 శాతం వరకు ఇతర రంగాలకు కేటాయించాలి. 2024 సవరణలో అత్యంత ప్రాధాన్య రంగాల వాటాను 70 శాతానికి పెంచారు. తాగునీరు, పర్యావరణ పరిరక్షణ, ఆరోగ్యం, విద్య, మహిళా శిశు సంక్షేమం, వృద్ధులు, దివ్యాంగుల సంక్షేమం, నైపుణ్య శిక్షణ, పారిశుద్ధ్యం అత్యంత ప్రాధాన్య రంగాలు. వ్యవసాయం, పశుపోషణ, జీవనోపాధి కల్పనకూ సవరణలో చోటు దక్కింది. రోడ్లు, వంతెనలు, సాగునీరు, విద్యుత్తు వంటివి ఇతర రంగాల కిందికి వస్తాయి.

భవనం కట్టడమే సేవ కాదన్న మెలకువ కూడా ఈ మార్గదర్శకాల్లో కనిపిస్తుంది. ఆరోగ్య రంగంలో భవనాలపైనే కాక సిబ్బంది, పరికరాలు, మందుల సరఫరాపై దృష్టి పెట్టాలని స్పష్టంగా రాసి ఉంది. గని ప్రభావిత కుటుంబాలకు సామూహిక ఆరోగ్య బీమా కల్పించే వెసులుబాటూ ఉంది. విద్యలో అదనపు గదులు, ప్రయోగశాలలు, వసతిగృహాలతో పాటు ఉపాధ్యాయుల ఏర్పాటుకు, పౌష్టికాహారానికి నిధులు వాడవచ్చు. నైపుణ్య రంగంలో శిక్షణ కేంద్రాలకు, స్వయం ఉపాధికి, స్వయం సహాయక సంఘాలు తయారుచేసే సరుకుల అమ్మకపు ఏర్పాట్లకు సొమ్ము ఇవ్వవచ్చు.

ఉపరితల గని పక్కనున్న పల్లెకు ఇవన్నీ కాగితంపై మాటలు కావు. గని లోతు పెరిగే కొద్దీ చుట్టుపక్కల బావుల్లో, బోర్లలో నీటి మట్టం దిగజారుతుంది. మట్టి దిబ్బల మీది నుంచి లేచే ధూళి పత్తి చేలపై, ఇళ్లపై పేరుకుంటుంది. బాంబుల తాకిడికి గోడలు బీటలువారుతాయి. అక్కడి వృద్ధుడికి దగ్గు తగ్గించే వైద్యుడు కావాలి. ఆ ఇంటి ఆడపడుచులకు మంచినీటి కుళాయి కావాలి. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న కొడుక్కి మరో పని నేర్పే చోటు కావాలి. చట్టం నిధిని సృష్టించింది ఈ అవసరాల కోసమే.

రేపటి కోసం మూలధనం

గని ఆగితే నిధి ఆగుతుందన్న సమస్యకు 2024 మార్గదర్శకాల్లో ఒక పరిష్కారం సూచించారు. ఏటా రూ.10 కోట్లు, అంతకుమించి జమ వచ్చే జిల్లాల్లో వార్షిక రాబడిలో 10 శాతం వరకు శాశ్వత మూలధన నిధిగా పక్కన పెట్టుకోవచ్చు. గనులు ఆగిన ప్రాంతాల్లో జీవనోపాధి కల్పించడమే దాని ఉద్దేశం. ఏడాదికేడాది చేతికొచ్చిన పనులు మంజూరు చేయకుండా, ప్రాథమిక సర్వే ఆధారంగా అయిదేళ్ల ప్రణాళిక రూపొందించాలని కూడా నిర్దేశించారు.

ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల పెళ్లికి ముందునుంచీ కూడబెట్టినట్లే, గని మూసివేతకు ముందునుంచీ కూడబెట్టాలి. ఆయుష్షు పదేళ్లే మిగిలిన గనుల ప్రాంతంలో ఈ మూలధనాన్ని నేడే మొదలుపెడితే, గని ఆగే నాటికి చేతిలో కొంత సొమ్ము ఉంటుంది. లేకుంటే దారి పక్క శిలాఫలకాలే మిగులుతాయి.

నిర్ణయం ఎవరిది?

డీఎంఎఫ్‌కు పాలక మండలి, నిర్వహణ కమిటీ ఉంటాయి. పాలక మండలికి జిల్లా కలెక్టర్ అధ్యక్షత వహించాలని, ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలను సభ్యులుగా చేర్చాలని కేంద్రం 2021 ఏప్రిల్‌లో ఆదేశించింది. ఈ నిధి నుంచి ఖర్చులకు రాష్ట్ర స్థాయిలో ఎటువంటి మంజూరు ఇవ్వరాదని అదే ఏడాది జులైలో మరో ఉత్తర్వు వెలువడింది. జిల్లా సొమ్ము జిల్లాలోనే, అదీ ప్రభావిత ప్రాంతంలోనే ఖర్చు కావాలన్నది వాటి సారాంశం. నిర్వహణ ఖర్చులు రాబడిలో 5 శాతం మించరాదు.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ పాత్ర మరింత బలమైనది. అక్కడి పల్లెల్లో ఈ పథకం కింద చేపట్టే ప్రణాళికలకు, పనులకు గ్రామసభ ఆమోదం తప్పనిసరి. ఏడాది ముగిశాక ఆ ఊళ్లో ఏమేం చేశారో నివేదికను గ్రామసభ ముందు ఉంచాలి. భద్రాద్రి కొత్తగూడెం, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లోని ఏజెన్సీ పల్లెలకు ఇది చేతిలోని ఆయుధం. గ్రామసభ అంటే సంతకాలు సేకరించే తంతు అన్న భావన తొలగినప్పుడే ఆ ఆయుధానికి పదును వస్తుంది.

ఎక్కడ దారి తప్పుతోంది?

ఖనిజ నిధులపై దేశవ్యాప్తంగా వినిపిస్తున్న విమర్శలు ప్రధానంగా మూడు. ఒకటి, ప్రభావిత పల్లెలను వదిలి జిల్లా కేంద్రాల్లో, పెద్ద పట్టణాల్లో పనులకు నిధులు మళ్లించడం. రెండు, రోడ్లు, భవనాల వైపే మొగ్గు చూపడం. మూడు, వచ్చిన సొమ్మును ఏళ్ల తరబడి ఖర్చు చేయకుండా ఉంచడం.

రోడ్లు, భవనాలపై మొగ్గుకు కారణం అర్థం చేసుకోలేనిది కాదు. రోడ్డుకు అంచనా వేయడం సులభం. గుత్తేదారు సిద్ధంగా ఉంటాడు. ప్రారంభోత్సవం చేయవచ్చు, కంటికి కనిపిస్తుంది. అదే ఒక నర్సుకు అయిదేళ్ల జీతం, ఊరి యువకులకు ఏడాది శిక్షణ వంటివి ఫొటోకు అందవు. ఫలితం తెలియడానికి కాలం పడుతుంది. అందుకే అడిగేవారు లేని చోట సేవలు వెనక్కి, సిమెంటు ముందుకు జరుగుతుంటాయి. రహదారి అవసరం లేదని ఎవరూ అనరు. అయితే సాధారణ బడ్జెట్‌తో వేయాల్సిన రోడ్డును ఖనిజ నిధితో వేస్తే, ఖనిజ నిధి మాత్రమే తీర్చగల అవసరం తీరకుండానే మిగిలిపోతుంది.

సామాజిక బాధ్యత నిధి వేరు

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్దేశిత స్థాయి లాభం, ఆస్తి లేదా టర్నోవర్ ఉన్న కంపెనీలు గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. స్థానిక ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చెబుతోంది. అయితే డీఎంఎఫ్‌కు, దీనికి మౌలిక భేదం ఉంది. డీఎంఎఫ్ ఉత్పత్తిపై ఆధారపడింది, కంపెనీకి నష్టం వచ్చినా చెల్లించక తప్పదు. సామాజిక బాధ్యత నిధి లాభంపై ఆధారపడింది, లాభం తగ్గితే తరుగుతుంది. డీఎంఎఫ్‌పై నిర్ణయం కలెక్టర్ అధ్యక్షతన గల మండలిది. సామాజిక బాధ్యత నిధిపై నిర్ణయం కంపెనీ బోర్డుది. కనుక మొదటిదాన్ని కలెక్టరేట్‌లోనూ, రెండోదాన్ని కంపెనీ ఏరియా జనరల్ మేనేజర్ కార్యాలయంలోనూ అడగాలి.

గని మూసివేతకూ సొమ్ముంది

బొగ్గు గని మూసివేతకు ప్రణాళిక తప్పనిసరి చేస్తూ కేంద్ర బొగ్గు శాఖ 2009లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఉపరితల గనికి హెక్టారుకు రూ.6 లక్షలు, భూగర్భ గనికి హెక్టారుకు రూ.లక్ష చొప్పున నాటి ధరల ప్రకారం లెక్కగట్టి, ధరల పెరుగుదలకు అనుగుణంగా ఎస్క్రో ఖాతాలో ఏటా జమ చేయాలన్నది నియమం. బొగ్గు కంట్రోలర్ అనుమతి లేకుండా ఈ సొమ్మును కదిలించరాదు. గుంతల చుట్టూ కంచె, మట్టి దిబ్బల చదును, మొక్కల పెంపకం, నీటి నాణ్యత పరిరక్షణ వంటివి ఈ ప్రణాళికలో భాగం. 2013లోనూ, మళ్లీ 2025 జనవరిలోనూ ఈ మార్గదర్శకాలను సవరించారు.

మూసివేత అంటే గుంత పూడ్చడమే కాదు, ఊరిని తిరిగి నిలబెట్టడం కూడా అన్న ఆలోచన ఇటీవల బలపడింది. గని మూసివేతలో స్థానికులకు భాగస్వామ్యం కల్పించే విధానంపై కోల్ కంట్రోలర్ సంస్థ, హార్ట్‌ఫుల్‌నెస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి రూపొందించిన 'రీక్లెయిమ్' మార్గసూచిని కేంద్ర బొగ్గు శాఖ మంత్రి జి.కిషన్‌రెడ్డి 2025 జులైలో విడుదల చేశారు. మహిళలు, బలహీన వర్గాల మాట వినాలని, గ్రామ సంస్థలను కలుపుకోవాలని అది సూచిస్తోంది. మార్గసూచి పుస్తకంగా మిగిలిపోతుందా, పల్లె దాకా వస్తుందా అన్నది అడిగే ఊళ్లపై ఆధారపడి ఉంటుంది.

ఇతర చోట్ల ఏం చేశారు?

బొగ్గు నుంచి మళ్లే సమస్య మన ఒక్కరిదే కాదు. స్పెయిన్ ప్రభుత్వం 2018లో కార్మిక సంఘాలతో ఒప్పందం చేసుకుని, గనుల మూసివేతకు ముందే 25 కోట్ల యూరోలను గని ప్రాంతాలకు ప్రకటించింది. వయసు మళ్లిన కార్మికులకు ముందస్తు విరమణ, చిన్నవారికి కొత్త పనుల్లో శిక్షణ అందులో ముఖ్యాంశాలు. 2038 నాటికి బొగ్గు విద్యుత్తును విరమించాలని నిర్ణయించిన జర్మనీ, బొగ్గు ప్రాంతాల పునర్నిర్మాణానికి 4,000 కోట్ల యూరోలు కేటాయించింది. మన దేశంలో ఝార్ఖండ్ 2022లో న్యాయబద్ధమైన మార్పిడిపై ప్రత్యేక కార్యదళాన్ని ఏర్పాటు చేసిన తొలి రాష్ట్రంగా నిలిచింది.

ధనిక దేశాల లెక్కలు మనకు యథాతథంగా వర్తించవు. అక్కడ గని కార్మికుల్లో అత్యధికులు శాశ్వత ఉద్యోగులు. ఇక్కడ శాశ్వత కార్మికుడి పక్కన కాంట్రాక్టు కార్మికుడు, లారీ డ్రైవరు, క్లీనరు, టీ కొట్టు యజమాని, కూరగాయలమ్మే అవ్వ ఉన్నారు. శాశ్వత కార్మికుడికి గని మూతపడితే మరో గనికి బదిలీ దొరకవచ్చు. విరమణ చేస్తే గ్రాట్యుటీ, పింఛను ఉంటాయి. మిగిలినవారికి ఏ కాగితమూ లేదు. అయితే ఆ దేశాల నుంచి ఒక్క పాఠం మాత్రం తీసుకోవచ్చు. మూసివేతకు ముందే సొమ్ము, ప్రణాళిక సిద్ధం కావాలి. తర్వాత వచ్చే సాయం వలసపోయిన వారిని వెనక్కి తేలేదు.

ఊరు ఏం చేయవచ్చు?

గని ప్రభావిత గ్రామాల ప్రజలు, మహిళా సంఘాలు, యువజన సంఘాలు ఈ కింది క్రమంలో ముందుకు సాగవచ్చు.

మొదట ఊరు ప్రభావిత గ్రామాల జాబితాలో ఉందో లేదో కలెక్టరేట్‌లో, గనుల శాఖ జిల్లా కార్యాలయంలో తెలుసుకోవాలి. లేకుంటే గని నుంచి ఉన్న దూరాన్ని, బావులు ఎండిన వైనాన్ని, ఇళ్ల బీటలను ఆధారాలతో చూపి చేర్చాలని కోరాలి.

గ్రామసభలో అవసరాలను ప్రాధాన్య క్రమంలో చర్చించి తీర్మానం చేయాలి. పట్టణాల్లో వార్డుల వారీగా పురపాలక సంఘం ద్వారా ప్రతిపాదన పంపవచ్చు. 'అభివృద్ధి చేయాలి' అని రాసిన తీర్మానం బుట్టదాఖలు కావడం తేలిక. 'ఫలానా వాడలో 120 ఇళ్లకు శుద్ధి చేసిన తాగునీరు కావాలి, నిర్వహణకు ఒక మనిషి కావాలి' అని రాస్తే అధికారులు సమాధానం చెప్పక తప్పదు.

భవనం అడిగితే దాన్ని నడిపేదెవరు, ఏటా ఖర్చెంత అన్నదీ తీర్మానంలోనే రాయాలి. సిబ్బంది, పరికరాలకు నిధులు ఇవ్వవచ్చన్న మార్గదర్శకాలను ప్రస్తావించాలి. ఆ పని అత్యంత ప్రాధాన్య రంగంలోకి వస్తుందన్న విషయాన్ని కూడా పేర్కొనాలి.

తీర్మానం ప్రతిని కలెక్టర్‌కు, ఎమ్మెల్యేకు, ఎంపీకి అందించి రసీదు తీసుకోవాలి. ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకైనా నంబరు అడగాలి.

డీఎంఎఫ్ ఖాతాలను ఏటా ఆడిట్ చేయించాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోగా వార్షిక నివేదిక తయారుచేసి, ఆమోదం పొందాక వెబ్‌సైట్‌లో ఉంచాలి. అది కనిపించకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు. గ్రామ స్థాయిలో రుసుము లేదు. మండల స్థాయిలో రూ.5, జిల్లా స్థాయిలో రూ.10 చెల్లిస్తే చాలు. 30 రోజుల్లోగా సమాధానం రావాలి. ఏ గని నుంచి ఎంత జమైంది, ఏ గ్రామానికి ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది, మూలధన నిధి ఏర్పాటైందా అన్న నాలుగు ప్రశ్నలు అడిగితే చిత్రం స్పష్టమవుతుంది.

సమయం ఇదే

సింగరేణి ఇంకా తవ్వుతోంది. రాయల్టీ ఇంకా వస్తోంది. డీఎంఎఫ్ ఖాతాలో సొమ్ము ఇంకా చేరుతోంది. బొగ్గు తరిగాక అడగడానికి ఈ మూడింటిలో ఏదీ మిగలదు. వందేళ్లకు పైగా రాష్ట్రానికి వెలుగునిచ్చిన నేల తన బిడ్డలను చీకట్లో వదలకూడదంటే, గని నడుస్తున్న కాలంలోనే గని లేని కాలానికి ఏర్పాట్లు జరగాలి.

బెల్లంపల్లి గనులు మూతపడుతున్న రోజుల్లో ఇటువంటి నిధి లేదు, ఇటువంటి చట్టమూ లేదు. ఆనాటి కార్మికుడు పెట్టె సర్దుకుని మరో ఏరియాకు బదిలీపై వెళ్లాడు, ఊరు మాత్రం అక్కడే మిగిలిపోయింది. నేడు చట్టం ఉంది, నిధి ఉంది, అడిగే హక్కు ఉంది. వచ్చే గ్రామసభలో ఆ హక్కును ఎందరు వినియోగించుకుంటారన్నదానిపైనే మిగిలిన బొగ్గు పల్లెల భవిష్యత్తు ఆధారపడి ఉంది.